ప్రారంభోత్సవం కాని గుంట

ఒక పెద్ద అడవిలో, ఎండ కూడా ఆకుల్ని బతిమాలుకుని కిందికి దిగాల్సినంత పెద్ద అడవిలో, ఒక మడుగు ఉండేది. పొద్దున్నే ఆకాశం వచ్చి దాని మీద బోర్లా పడుకుని తన ముఖం తానే చూసుకునేది.

ఆ మడుగులో వానయ్య అనే కుర్రకప్ప ఉండేవాడు. చదువు అంతంత మాత్రం. మనసు మాత్రం ఊరికూరికే ఉబ్బేది. గొంతు కూడా.

వానయ్య ప్రాణమంతా తొలకరి మీదే. తొలకరి అవతలి ఒడ్డున నల్లబండ మీద కూర్చునే ఆడకప్ప. చినుకు పడకముందే తడిసినట్టుండేవి ఆమె కళ్ళు. వాటిని చూసినప్పుడల్లా వానయ్య చేతికందిన దోమని కూడా వదిలేసేవాడు.

వాళ్ళలో ఆచారం ఏమిటంటే, తొలివాన పడిన రోజు మగకప్పలు పాడతాయి. ఆడకప్ప ఎవరి పాటకి బదులు పలికితే వాళ్ళకి పెళ్ళయినట్టు. ఇక వెంటనే ఆకాశం కనపడే నీళ్ళు చూసుకుని గుడ్లు పెట్టుకోవాలి. ఎండ సోకని నీళ్ళలో గుడ్లు పిల్లలవ్వవు. అందుకని వాళ్ళకి ఇల్లంటే ఆకాశం ఉన్న నీళ్ళు. అంతే.

వానలు దగ్గరపడుతుండగా వానయ్య ఒక తామరమొగ్గ పట్టుకుని నల్లబండ దగ్గరికి వెళ్ళాడు.

"తామరా?" అంది తొలకరి. "కిందటేడు నలుగురు తెచ్చారు. మా అమ్మ వాటి మీద పురుగులు ఆరబెట్టుకుంది."

"మరి నీకేం కావాలి?"

"ఈ మడుగులో ఎవరూ చూడనిది తే. అప్పుడు నీ పాటకి బదులు పలుకుతానేమో."

"ఏమో అంటే?"

"ఏమో అంటే ఏమో."

ఆ ఒక్క 'ఏమో' చాలు, వానయ్యకి వారం రోజులు ఆకలి లేకుండా పోవడానికి.

తిన్నగా కోతి చెంగయ్య దగ్గరికి వెళ్ళాడు. అడవి చివర బంగళాకి రోజూ వెళ్ళొచ్చేవాడు చెంగయ్య. అక్కడ మనుషులు పారేసినవన్నీ తెచ్చి, తాను కొన్నట్టు మాట్లాడేవాడు.

"బావా, సరైన సమయానికొచ్చావు!" అన్నాడు చెంగయ్య. "బంగళాలో గాజుతొట్టి ఒకటుండేది. అందులో చేపల్ని పెంచేవాళ్ళు. తినడానికి కాదు, చూడ్డానికి!"

"చూసి?"

"చూసి నిట్టూర్చేవాళ్ళు."

వానయ్య గుండె ఝల్లుమంది. చేపని చూసి నిట్టూర్చే ఇల్లు! ఆ ఇంట్లో ఉన్నదేదైనా ప్రేమకి పనికొస్తుందనుకున్నాడు.

"ఆ తొట్టి పగిలిపోయింది. సామానంతా పెరట్లో పారేశారు. వల, గొట్టం, రంగు గులకరాళ్ళు, ఒక ప్లాస్టిక్ కోట. అన్నీ వాడినవే గానీ వాడినట్టుండవు. ఇంకొకటుంది బావా. నీళ్ళ మీద తేలే మొక్క. ఊదారంగు పువ్వు, మధ్యలో నెమలికన్ను. నేను దానికి ఊదారాణి అని పేరు పెట్టాను."

మన ఊళ్ళల్లో దాన్ని గుర్రపుడెక్క అంటారు. చెరువున్న ఏ ఊరివాళ్ళైనా ఆ పేరు వింటే నెత్తి కొట్టుకుంటారు. కానీ పాపం వానయ్యకి చెరువుల కబుర్లు చెప్పేవాళ్ళెవరు? 'నెమలికన్ను' దగ్గరే ఆగిపోయాడు.

సామానంతా వేసుకుని ఇద్దరూ మడుగు గట్టెక్కారు. గట్టు మీద తనిఖీ ఉంటుంది.

తాతల నాడు ఎక్కడినుంచో వచ్చిన నాచు పట్టి మడుగు సగం చచ్చిపోయిందట. అప్పటి పెద్దలు ఏడ్చి ఏడ్చి మూడు రూళ్ళు పెట్టారు. బయటి మొక్క మడుగులో అడుగుపెట్టే ముందు వేరే గుంటలో కొన్నాళ్ళు ఆగాలి. వాడిన సామాను ఎండలో పూర్తిగా ఎండాలి. బయటినుంచి వచ్చినవాళ్ళు ఒంటికి అంటుకున్నది గట్టు మీదే దులుపుకోవాలి. బంగారంలాంటి రూళ్ళు. వాటిని కాపాడే పని తాబేలు డిప్పేశ్వరరావు గారిది.

గట్టుకి ఈ పక్కన మడుగు, ఆ పక్కన ఆగుడు గుంట. బయటి మొక్కల కోసమే తవ్వించిన గుంట అది. అడుగున తెల్లటి ఇసుక, పైన అద్దంలాంటి నీళ్ళు. చుట్టూ పూలతీగ రిబ్బనులా బిగించి కట్టి ఉంది.

"ఏమోయ్, ఏంటది?" అన్నారు డిప్పేశ్వరరావు గారు, తల సగం బయటపెట్టి.

"మొక్కండి. పువ్వు పూస్తుందండి."

"బయటిదేనా?"

"బయటిదేనండి."

"అయితే ఆగుడు గుంటలో ఆగాలి. రూలంటే రూలు."

"అలాగేనండి. పక్కనేగా, పెట్టేస్తాను."

"ఆగాగు!" తల మొత్తం బయటికొచ్చేసింది. "ఆ గుంటలో పెడతావా? బుద్ధుందా? దానికింకా ప్రారంభోత్సవం కాలేదు! పులి దొరవారు వచ్చి తీగ తెంచాలి. అందాకా దాంట్లో ఆకు పడకుండా కాపలా కాస్తున్నాను నేను!"

"మరి ఈ మొక్క ఎక్కడ ఆగాలండి?"

"మడుగులోనే ఓ మూల ఆగుతుంది. తాత్కాలికంగా."

వానయ్య బుర్ర గోక్కున్నాడు. "మడుగులోకి రాకూడదనే కదండీ ఆగమంటున్నారు?"

"అవును."

"మరి మడుగులోనే ఆగితే..."

"ఆగుతుందా లేదా? ఆగడమే కదా రూలు!"

అని ఆయనే మొక్కని మూలకి తోసి, దాని ముందు నీళ్ళ మీద ఒక వెదురుపుల్ల అడ్డంగా వేశారు. "ఇదిగో, ఇది నీ హద్దు. దాటావంటే ఊరుకోను" అని మొక్కకి గట్టిగా చెప్పారు. మొక్క ఏమీ అనలేదు.

"ఒప్పుకుంది," అన్నారు ఆయన.

తర్వాత సామాను. వలని మధ్యాహ్నం దాకా బండ మీద ఆరేశారు.

"ఎండిందాండి?" అన్నాడు చెంగయ్య.

"ఎలా తెలుస్తుందోయ్? తడిపి చూడాలి." వలని మడుగులో ముంచి తీశారు. నీళ్ళు కారాయి. ఆయన ముఖం వెలిగిపోయింది. "తడిసింది! అంటే ఇందాక ఎండే ఉందన్నమాట. పంపించెయ్!"

వల పోగుల మీద గులాబీ రంగులో ఏవో బొట్లు బొట్లుగా ఉన్నాయి. "అవేంటి?" అంటే "ముత్యాల పనితనం సార్" అన్నాడు చెంగయ్య. ఆ రంగు నత్తగుడ్లు వాళ్ళెవరూ ఎప్పుడూ చూడలేదు.

సరిగ్గా అప్పుడే గట్టు అదిరింది. మడుగు సభ అధ్యక్షురాలు, అడవిగేదె బృహదంబ గారు, వస్తున్నారు. పై అడవుల్లో ఎన్ని బురదగుంటలున్నాయో అన్నిట్లోనూ పొర్లి వచ్చారావిడ. వీపు మీద బురద, కొమ్ములకి నాచు, తోకకి జలగలు. ఏదీ దులుపుకోకుండా తిన్నగా మడుగులోకి దిగిపోయారు. డిప్పేశ్వరరావు గారు వంగి దారిచ్చారు.

"అమ్మగారి ఒంటి నిండా బయటి బురద..." అన్నాడు వానయ్య, నోరు ఆగక.

"బురద కాదోయ్," అన్నారు డిప్పేశ్వరరావు గారు చిన్నగా. "పర్యటన."

వానయ్యకి ఆ గొడవ ఎందుకు? మర్నాడే ఊదారంగు పువ్వు విచ్చింది. పరుగున తొలకరిని పిలుచుకొచ్చాడు. ఆమె చాలాసేపు చూసింది. ఒక పువ్వు కోసి కంటి పక్కన పెట్టుకుంది. వానయ్యకి మడుగు గిర్రున తిరిగినట్టయింది.

"అందంగా ఉంది," అంది తొలకరి. "ఇది పెరుగుతుందా?"

"పెరుగుతుంది! నా ప్రేమలాగే!"

"అదే నా భయం," అంది తొలకరి.

పెరిగింది. పక్కన పిల్లమొక్క, దాని పక్కన మనవరాలు మొక్క. ఇవాళ చాపంత, రెండురోజులకి పందిరంత. వలమీది ముత్యాలు నత్తలై తామరకాడలు కొరకడం మొదలెట్టాయి. తొలకరి బండ ముందు ఆకాశం ముక్కలు ముక్కలుగా చిరిగిపోతూ వచ్చింది.

వానయ్య భయపడి గట్టు మీదికి పరిగెత్తాడు.

"అయ్యా, ఆ మొక్క హద్దు దాటిందండి!"

డిప్పేశ్వరరావు గారు తీరిగ్గా వచ్చి చూశారు. నీళ్ళ మీద పుల్ల తేలుతోంది కదా, మొక్క పెరిగే కొద్దీ పుల్లని ముందుకి తోసుకుంటూ పోతోంది. మొక్క సగం మడుగు దాకా వచ్చింది. పుల్ల దానికన్నా జానెడు ముందుంది.

"ఎక్కడ దాటిందోయ్? కళ్ళు తెరిచి చూడు. హద్దు ఇంకా ముందే ఉంది. క్రమశిక్షణ అంటే అదీ! మీ కుర్రాళ్ళు నేర్చుకోవాలి."

చేపలు గోల పెడితే సభ పెట్టారు. బృహదంబ గారు ఆకుల మీద ఆనుకుని కూర్చున్నారు. నీళ్ళ సంగతులు తెలిసిన పండితుడని కొంగ ఏకపాదం గారిని పిలిపించారు. ఆయన ఒంటికాలి మీద నిలబడి కళ్ళు మూసుకున్నారు.

పరిగె అనే బుల్లిచేప ఆకుల సందులోంచి మూతి పైకిపెట్టి, "అమ్మా, కింద ఊపిరాడటం లేదు, చీకటి..." అంది.

"చేపలు పైకి రావడం హుషారుకి గుర్తు," అన్నారు ఏకపాదం గారు. టక్కున వంగి పరిగెని మింగేశారు. "ఫిర్యాదు స్వీకరించడమైనది."

మిగిలిన చేపలు మూతులు కిందికి లాక్కున్నాయి.

"చూశారా," అన్నారు బృహదంబ గారు, "ఎంత తొందరగా పరిష్కరించారో! ఇంకెవరికైనా ఫిర్యాదులున్నాయా?"

ఎవరికీ లేవు.

వానయ్యకి ఆకాశం వంక చూస్తే భయం, తొలకరి వంక చూస్తే ఏడుపు. మబ్బులు దగ్గరికొచ్చేస్తున్నాయి. తొలివాన పడితే తొలకరి ఎక్కడ గుడ్లు పెడుతుంది? తన ప్రేమ తెచ్చిన పువ్వే తన పిల్లల నెత్తిన మూతలా పడింది. ఇక ఆగలేక, ఎవరికీ చెప్పకుండా గట్టు దాటి చెంగయ్య దగ్గరికి గెంతాడు.

"ఆ రాణిని బంగళావాళ్ళు ఎలా అదుపులో పెట్టేవాళ్ళురా?"

"ఎలా అంటే? ఎక్కువైతే లాగి పారేసేవాళ్ళు. లాగి ఎండలో వెయ్యడమే బావా, ఇంకో మార్గం లేదు. నాకు ముందే తెలుసు."

"ముందే తెలిస్తే ముందే చెప్పాలి కదరా!"

"ముందే అడగాలి కదా!"

లాగి ఎండలో వెయ్యాలి! అంతే! వానయ్య వెనక్కి గెంతుకుంటూ గట్టెక్కాడు. డిప్పేశ్వరరావు గారు అడ్డంగా నిలబడ్డారు.

"బయటినుంచి వస్తున్నావ్."

"అవునండి, అది కాదండి, మనందరం కలిసి ఆ మొక్కల్ని..."

"తడిగా ఉన్నావ్."

"కప్పనండి! తడిగానే ఉంటాను!"

"వాడిన సామాను పూర్తిగా ఎండాలి. రూలంటే రూలు."

"నేను సామాను కాదండి బాబూ!"

"ఎన్నాళ్ళుగా బతుకుతున్నావ్?"

"రెండు వానలైంది."

"అయితే వాడినవాడివే."

ఎత్తి ఎర్రటి ఎండలో బండ మీద పడేసి, కదలకుండా వీపు మీద తన కాలు ఆనించారు. వానయ్య ఒళ్ళు బిగిసింది. చర్మం ఎండాకులా చిటపటలాడింది. నాలిక అంటుకుపోయింది. ఎండలో కప్ప అంటే ఎంతసేపు? మొదట పాట పోయింది, తర్వాత మాట పోయింది. మిగిలిన కాస్త ప్రాణంతో తొలకరి కళ్ళని తలుచుకున్నాడు. తడిగా ఉండేవి కదా, ఆ తలపుకే కాస్త చల్లగా అనిపించింది.

నిజంగానే ఆ కళ్ళు ఎదురుగా కనిపించాయి. తొలకరి గట్టెక్కి వచ్చింది. వానయ్యని చూసింది. కెవ్వున అరవబోయి ఆపుకుంది. డిప్పేశ్వరరావు గారితో అరిచి లాభం లేదని ఆమెకి తెలుసు.

"ఎండాడాండి?" అంది ఎంతో వినయంగా.

"ఎండే ఉండాలి."

"ఎలా తెలుస్తుందండి మరి?"

డిప్పేశ్వరరావు గారు ఆలోచనలో పడ్డారు.

"తడిపి చూడాలి కదండీ?" అంది తొలకరి.

"అవునే! తడిపి చూడాలి!" ఆయన కాలు తీశారు. మడుగు వైపు చూశారు. ఎక్కడ ముంచుదామన్నా అన్నీ ఆకులే. ఈ చివర నుంచి ఆ చివరికి తడిపేందుకు జానెడు నీళ్ళు లేవు. ఆయన వెతుకుతూ ఉండగానే, తొలకరి వెనక్కాళ్ళతో ఒక్క తన్ను తన్నింది. వానయ్య గట్టు మీంచి దొర్లి, పూలతీగ కిందనుంచి జారి, ఆగుడు గుంటలో బుడుంగున పడ్డాడు.

నీళ్ళు! చల్లటి, తేటైన, ఎవరూ తాకని నీళ్ళు. ఒళ్ళంతా విచ్చుకుంది. కళ్ళు తెరిచి పైకి చూశాడు. నిండా ఆకాశం. అంచు నుంచి అంచు దాకా, ఒక్క చిరుగు లేకుండా.

ఆ మడుగు పుట్టినప్పటినుంచి రూలు ప్రకారం పూర్తిగా ఎండి, ఏ మచ్చా లేకుండా నీళ్ళలోకి దిగిన మొదటి ప్రాణి వానయ్యే.

"అయ్యయ్యో! ప్రారంభోత్సవం కాని గుంటలో!" డిప్పేశ్వరరావు గారు గుండెల మీద కొట్టుకున్నారు. "పైకి రా! ముందు పైకి రా!"

"ఏ గుంట అండీ?" అంది తొలకరి.

"ఇదిగో, ఈ గుంట!"

"ప్రారంభం కాని గుంట ఉన్నట్టా, లేనట్టా?"

ఆయన తల మెల్లగా డిప్పలోకి వెళ్ళింది. కాసేపటికి లోపలినుంచి గొంతు వినిపించింది. "రూలు ప్రకారం అయితే... లేనట్టే."

"లేని గుంటలో కప్ప పడుతుందాండి?"

"...పడదు."

"మరి మీరెవరిని పైకి రమ్మంటున్నారు?"

చాలాసేపటికి తల బయటికొచ్చింది. గుంటలో ఈదుతున్న వానయ్య వైపు చూసింది. వానయ్య చెయ్యి ఊపాడు. "ఇక్కడ ఎవరూ లేరు," అన్నారు డిప్పేశ్వరరావు గారు నిట్టూర్చి, తీగ సర్దుకుంటూ వెళ్ళిపోయారు.

"తొలకరీ, నువ్వూ దూకు!" అన్నాడు వానయ్య.

తొలకరి దూకలేదు. గట్టు మీదే కూర్చుని కాలివేళ్ళ సందుల్లో చిక్కిన ఆ మొక్క వేళ్ళపోగులు ఒక్కొక్కటీ లాగింది. వీపున అంటిన ఆకుముక్కలు గీకింది. ఒళ్ళు చురుక్కుమనే దాకా ఎండలో ఓపిగ్గా కూర్చుంది. చివరికి కంటి పక్కనున్న ఊదాపువ్వు తీసింది.

"అదొక్కటీ ఉంచుకోవా?" అన్నాడు వానయ్య. "నేనిచ్చింది కదా."

"నువ్వు కావాలా, నీ పువ్వు కావాలా?" అని దాన్ని మండే బండ మీద పెట్టేసింది. అది వాడిపోయే దాకా చూసి, అప్పుడు దూకింది.

వానయ్య మనసు కలుక్కుమంది. కానీ ఆమె దూకినప్పుడు లేచిన అల వచ్చి గుండెకి తగిలేసరికి ఆ కలుక్కు కరిగిపోయింది.

కబురు పాకింది. కప్పలన్నీ వచ్చాయి. తొలకరి తీగ దగ్గర నిలబడి ఒక్కొక్కరి కాళ్ళూ చంకలూ చూసి, దులిపి, ఆరబెట్టి లోపలికి పంపింది. సొంత తల్లిని కూడా వదల్లేదు. "కన్నతల్లినే! నన్నే చంకలెత్తమంటావుటే!" అని ఆవిడ శాపనార్థాలు పెట్టింది. వానయ్య మిగిలిన బుల్లిచేపల్ని ఒక్కోదాన్నీ నోట్లో పెట్టుకుని తెచ్చాడు. కప్పకి అంతకన్నా కష్టమైన పని లేదు. నోట్లో ఉన్నదాన్ని మింగకుండా మోయడమే ప్రేమంటే అని వాడికి ఆ రోజు తెలిసింది. తెచ్చిన ప్రతిసారీ తొలకరి "ఆ అను" అని నోరు తెరిపించి చూసింది.

సాయంత్రం తొలివాన పడింది. వానయ్య పాడాడు. ఎండలో గొంతు చెడిపోయి విరిగిన తాటాకు లాగుంది ఆ పాట. అయినా నీళ్ళ అవతలనుంచి తొలకరి బదులు పలికింది. ఈసారి 'ఏమో' లేదు.

తెల్లారేసరికి గుంట అంచున ముత్యాల్లాంటి గుడ్లు. నిజం ముత్యాలు.

అప్పుడు గట్టు అదిరింది.

బృహదంబ గారు! మడుగులో పొర్లడానికి చోటు లేదు. ఆకుల మీద పడుకుంటే వీపు తడవడం లేదు. "దొరవారు ఎప్పటికి వస్తారు? నేనే ప్రారంభిస్తాను," అంటూ వచ్చేశారు. ఒంటి నిండా పర్యటన. మెడలో ఊదాపువ్వుల దండ, వేళ్ళతో సహా, నీళ్ళు కారుతూ. దండ మీద రెండు నత్తలు కూడా ఊరేగుతున్నాయి.

తొలకరి గుడ్లకి అడ్డంగా వెళ్ళి ఒళ్ళు ఉబ్బించింది. గేదె ముందు కప్ప ఎంత ఉబ్బితే ఏం?

"డిప్పేశ్వరరావు గారూ, రూలు!" అని అరిచాడు వానయ్య. "ఎండబెట్టాలి! దులపాలి!"

"నేనెత్తగలిగిన వాళ్ళకేనోయ్ రూలు," అన్నారాయన నేలచూపులు చూస్తూ.

బృహదంబ గారి కొమ్ము పూలతీగకి ఆనింది. వానయ్య ఒక్క గెంతులో ఆ కొమ్ము మీద వాలాడు.

"అమ్మగారూ! మంచి సమయానికొచ్చారు! పులి దొరవారు తప్పకుండా వస్తానని కబురంపారండి!"

కొమ్ము ఆగింది. "వస్తున్నారా? నాకు చెప్పలేదే?"

"మీకు చెప్పకుండానా! మొదటి పేరు మీదేనండి. ప్రారంభోత్సవం అవగానే అక్కడే భోజనమట. అమ్మగారు దగ్గరుండాలి, అమ్మగారు లేకపోతే భోజనమే లేదు అన్నారట."

బృహదంబ గారు నెమరువేయడం మానేశారు. ఆవిడ జీవితంలో అది అరుదు. కొమ్ము మెల్లగా తీగనుంచి వెనక్కి వచ్చింది. తర్వాత కాళ్ళు వెనక్కి వెళ్ళాయి.

"తొందరేముంది," అన్నారు. "ఇంత గొప్ప గుంట. హడావుడిగా చేస్తే ఏం బావుంటుంది? వాయిదా వేద్దాం. డిప్పేశ్వరరావ్, నేను చెప్పేదాకా ఇందులో ఈగ వాలకూడదు. నేనొచ్చినా రానివ్వకు!"

"చిత్తం," అన్నారు డిప్పేశ్వరరావు గారు. ఇన్నాళ్ళకి ఆయనకి తాను ఎత్తకుండానే అమలుచేయగల రూలు ఒకటి దొరికింది. కళ్ళు చెమ్మగిల్లాయి.

అప్పటినుంచీ ఏటా వానలకి ముందు బృహదంబ గారు సభ పెట్టి ప్రారంభోత్సవాన్ని వాయిదా వేస్తారు. డిప్పేశ్వరరావు గారు పాత తీగ తీసి కొత్త పూలతీగ బిగిస్తారు. అవతల మడుగులో ఊదారాణి స్థానికురాలేనని, ఆకుల అడుగున ఇంకా మిగిలిన కాసిని నీళ్ళే బయటివని ఏకపాదం గారు తేల్చారు.

ఇవతల, రూలు ప్రకారం లేని గుంటలో, లేని కప్పలు, లేని ఆకాశం కింద తోకపిల్లల్ని ఆడించుకుంటున్నాయి. తోకపిల్లలకి వానయ్య పాటలు నేర్పుతాడు. తొలకరి చంకలెత్తడం నేర్పుతుంది.

నీతి: నాలుగు కాలాలు పదిలంగా ఉండాలంటే, దేనికైనా సరే, ప్రారంభోత్సవం కాకుండా చూసుకోవాలి.